లంకెబిందెల పాము

కొత్తొక వింత, పాతొక రోత అన్నారు పెద్దలు. ఆ పెద్దలే బియ్యం కొట్టుకి వెళ్ళి, "పాత బియ్యం ఉన్నాయా?" అని అడుగుతారు. ఎవరైనా తమకు గిట్టని మాట చెబితే "పాత చింతకాయ పచ్చడి" అని చప్పరించేస్తారు. ఇంట్లో ఎవరికైనా జ్వరం తగిలి పథ్యం పెట్టాల్సి వస్తే అటక మీంచి దింపేది మాత్రం ఆ పాత చింతకాయ పచ్చడి జాడీనే. దీన్నిబట్టి నాకు అర్థమైందేమిటంటే, పాత కొత్తల విషయంలో మనకు స్థిరమైన అభిప్రాయం అంటూ లేదు. వస్తువును బట్టి, అవసరాన్ని బట్టి, ఒక్కొక్కసారి అడిగే మనిషిని బట్టి కూడా తీర్పు మారుతూ ఉంటుంది.

బియ్యం సంగతి సరే. పచ్చడి సంగతీ సరే. మరి సర్వర్ సాఫ్ట్‌వేర్ సంగతేమిటి?

ఈ ప్రశ్న నాకు పుట్టింది కాదు. మా మేనల్లుడు అడిగింది. వాడు మాదాపూర్‌లో ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాడు. బతుకమ్మ పండక్కి నల్లగొండ వచ్చి, తిన్న సద్దులు అరక్కముందే అడిగాడు. "మామా, మీ కాలం సాఫ్ట్‌వేర్లల్ల ఇప్పటివాటి కంటె మంచియి ఏమన్న ఉండెనా? లేకుంటె ఊకె జ్ఞాపకాలేనా?"

వాళ్ళ కంపెనీలో ఇరవై ఏళ్ళనాటి సర్వర్ ఒకటి ఇంకా నడుస్తోందట. దాన్ని తీసేయాలా, ఉంచాలా అనేది వీణ్ణి రాసిమ్మన్నారట. రిటైరైన మనిషిని ఇలాంటి ప్రశ్న అడగటమంటే నిద్రపోతున్న రేడియోకి కరెంటివ్వడమే. అప్పటికి ఏదో నాలుగు ముక్కలు చెప్పాను గాని, తీరిగ్గా ఆలోచిస్తే చెప్పాల్సింది ఇంకా చాలా ఉందనిపించింది.

సర్వర్ అనగానే మా తరం వాళ్ళకు హోటల్లో భుజాన తుండుగుడ్డ వేసుకుని "ఏం కావాలె సార్" అనే మనిషి గుర్తొస్తాడు. కంప్యూటర్ సర్వర్ చేసేదీ అదే పని. ఆఫీసులో పది బల్లల మీద పది మిషన్లుంటాయి. అందరికీ కావలసిన జాబితాలు, లెక్కలు ఒక్క మిషన్లో ఉంటాయి. అడిగినవాళ్ళకు అడిగింది తెచ్చి ఇవ్వడం, ఒకరి ప్లేటు ఇంకొకరి ముందు పెట్టకపోవడం, వంటింట్లోకి ఎవరిని రానివ్వాలో ఎవరిని రానివ్వకూడదో చూసుకోవడం దాని ధర్మం. ఇవన్నీ దానికి నేర్పే విద్య పేరే సర్వర్ సాఫ్ట్‌వేర్.

1990ల నడుమ నేను నల్లగొండలో పని చేసిన ఆఫీసు పేరు చెప్పను. ఊళ్ళ నుంచి వచ్చే ముసలివాళ్ళకు నెలనెలా నాలుగు రూపాయలు అందాలంటే జాబితా తయారు కావలసిన ఆఫీసు అనుకోండి, చాలు. అక్కడ ఒక మూల గదిలో, కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీసిన చల్లదనంలో మా సర్వర్ కొలువుండేది. దాని మీద నడిచేది నెట్‌వేర్ 3.12. అమెరికాలో యూటా రాష్ట్రంలోని నోవెల్ అనే కంపెనీ 1993లో విడుదల చేసిన రకం. ఆ రోజుల్లో లోకంలోని ఆఫీసు నెట్‌వర్కుల్లో సగానికి పైగా నోవెల్ వారివేనని చెప్పుకునేవాళ్ళు. మా మిషనులో జ్ఞాపకశక్తి 16 మెగాబైట్లు. మా మేనల్లుడి జేబులోని ఫోనుతో పోలిస్తే సముద్రం ముందు చెంబెడు నీళ్ళు. ఆ చెంబుతోనే ఎనిమిది బల్లలకు దాహం తీర్చేది.

ఆ సర్వర్‌కు మౌసు లేదు, బొమ్మల్లేవు. దాన్ని కాసేపు కదపకుండా వదిలేస్తే తెర నల్లబడి, దాని మీద ఒక పాము ప్రత్యక్షమయ్యేది. చిన్న చిన్న గళ్ళతో అల్లిన పాము. అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఉండేది. మొదటిరోజు మా అటెండరు గది తుడవడానికి వెళ్ళి చీపురు పారేసి బయటికి వచ్చాడు.

"సార్, మిషన్ల పాము చొచ్చింది!"

అది బొమ్మ పామని నచ్చజెప్పడానికి పూట పట్టింది. తర్వాత్తర్వాత దానికీ అతనికీ స్నేహం కుదిరింది. లంకెబిందెలు పాతిపెట్టిన చోట పాము కాపలా ఉంటుందని మన ఊళ్ళల్లో నమ్మకం కదా. ఇది జాబితాల మీద కాపలా ఉన్న పామని అతని సిద్ధాంతం. నాగులచవితినాడు తెర ముందు ఒక అగరొత్తి కూడా వెలిగించబోతే, పొగకు మిషను పాడవుతుందని నేను ఆపాల్సి వచ్చింది.

అయితే ఆ పాములో ఒక విశేషం ఉంది. సర్వర్ మీద పని భారం పెరిగినకొద్దీ పాము పొడవు పెరిగేది, పరుగు కూడా హెచ్చేది. పని లేనప్పుడు పొట్టిగా, బద్ధకంగా తిరిగేది. తయారుచేసినవాళ్ళు కావాలనే అలా పెట్టారు. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మా అటెండరు నెల చివర తలుపు దగ్గరే నిలబడి రోగ నిర్ణయం చేసేవాడు. "సార్, ఇయ్యాల పాము బారెడున్నది. రెండు బల్లలోళ్ళు ఒక్కసారే ప్రింటు కొడుతున్నట్టున్నరు." వెళ్ళి చూస్తే అంతే అయ్యేది. ఇప్పటి సర్వర్లలో అదే సంగతి తెలుసుకోవడానికి రంగురంగుల గ్రాఫులు, వాటిని చదవడానికి శిక్షణ, ఆ శిక్షణకు సర్టిఫికెట్టు ఉన్నాయి. గ్రాఫులు మరింత చెబుతాయి, కాదనను. కాని తలుపు దగ్గర నిలబడ్డవాడికి చెప్పవు.

ఇది పాతదాని మొదటి మేలు. చేసే పని తక్కువ, కనుక దాన్ని మొత్తంగా ఒక మనిషి బుర్రలో పట్టించుకోవచ్చు. ఎక్కడ చెడిందో వెతకడానికి గదులు కొన్నే ఉంటాయి.

రెండో మేలు అసలైనది. ఒక నెల ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం, మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన పెద్దాయన ఒకరు, "అనవసరమైన ఫైళ్ళు చాలా పేరుకున్నాయి" అని స్వహస్తాలతో శుభ్రం చేశారు. ఆ శుభ్రంలో ఒక మండలం జాబితా మొత్తం కొట్టుకుపోయింది. పొద్దున్నే దేవరకొండ వైపు నుంచి జనం బస్సులు దిగుతారు. కాగితం మీద పాత జాబితా ఉంది గాని, అది మూడు నెలల నాటిది. ఆ మూడు నెలల్లో చేరినవాళ్ళు, పోయినవాళ్ళు, వేలిముద్ర సరిచూసినవాళ్ళు అందులో లేరు.

నెట్‌వేర్‌లో సాల్వేజ్ అని ఒక సదుపాయం ఉండేది. ఫైలు తుడిచేస్తే అది నిజంగా పోయేది కాదు. చోటు చాలనప్పుడు మాత్రమే, అదీ అన్నిటికంటే ముందు తుడిచినది ముందుగా, సర్వర్ వదిలించుకునేది. అప్పటిదాకా అడిగితే తిరిగి ఇచ్చేది. సాల్వేజ్ తెరిచాను. జాబితా చెక్కు చెదరకుండా అక్కడే ఉంది. దాని పక్కన ఏ రోజు, ఎన్ని గంటలకు తుడిచారో ఉంది. ఆ పక్కనే తుడిచినవారి పేరు కూడా ఉంది! పెద్దాయన నా వెనకే నిలబడి ఉన్నారు. నేను ఎడమచెయ్యి తెర మీద సరిగ్గా ఆ పేరున్న చోట ఆనించి, కుడిచేత్తో పని కానిచ్చాను. ఆ ఏడాది నా సీక్రెట్ రిపోర్టు బాగానే వచ్చింది.

మర్నాడు బస్సులు దిగిన జనానికి ఈ సంగతేమీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. మంచి సర్వర్ అంటే దాని ఉనికి ఊళ్ళవాళ్ళకు తెలియనిదే.

మరి ఇంత గొప్పదాన్ని ఎందుకు తీసేశారయ్యా అంటారా? తీసేయమని రాసింది నేనే!

1999లో ఎక్కడ చూసినా ఒకటే గోల. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు దాన్ని 1900 అనుకుంటాయని, లెక్కలన్నీ తలకిందులవుతాయని. నోవెల్ వారు తమ పాత సర్వర్లకు దానికి తగిన మందు పంపించారు గాని, ఆ సందట్లో అన్ని ఆఫీసుల్లోనూ పాతవి మార్చి కొత్తవి కొనే ఊపు వచ్చింది. మా దగ్గరా ఫైలు నడిచింది. నన్ను నోట్ రాయమన్నారు. సరిగ్గా అదే వారం నాకు పాలమూరు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. పాము బాగానే ఉంది. కాని దాని మాట తెలిసినవాణ్ణి ఆ ఆఫీసులో నేనొక్కణ్ణే. నేను కల్వకుర్తి మీదుగా పాలమూరు బస్సెక్కితే, దాన్ని ఎవరు ఆడిస్తారు? సర్వర్ ఎంత గట్టిదైనా, అది తెలిసిన మనిషి ఒక్కడే అయితే, ఆ ఒక్కడికి జ్వరం వచ్చినరోజు సర్వర్‌కూ జ్వరమే. ఇంకొక సంగతి. మా పాత జాబితాల్లో పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. యాదయ్య అనే పేరును ఒక గుమాస్తా చివర హెచ్ పెట్టి కొడతాడు, ఇంకొకాయన రెండు వైలు పెడతాడు, మూడో ఆయన మొదట్లోనే ఈ పెట్టి ఏదయ్యను చేస్తాడు. ఒకే మనిషి ముగ్గురవుతాడు. పుణెలోని సీడాక్ వారి జిస్ట్ కార్డు బిగిస్తే తెలుగు కనబడేది గాని, ఆ కార్డు లేని మిషనుకు ఆ తెలుగు అర్థమయ్యేది కాదు. తెలుగు అక్షరాలకు లోకమంతా ఒప్పుకున్న యూనికోడ్ సంఖ్యలు 1991లోనే వచ్చినా, అవి మామూలు ఆఫీసు మిషన్లలోకి దిగినవి తర్వాతి తరం సాఫ్ట్‌వేర్‌తోనే. తన పేరు తన భాషలో రాసి ఉందో లేదో చూసుకోగలగడం ముసలివాడికి పెద్ద విషయం. అందుకని కొత్తది కొనమనే రాశాను. కాని మూడు షరతులు పెట్టాను. తుడిచినది తిరిగి తెచ్చుకునే దారి ఉండాలి. పని తెలిసినవాళ్ళు ఇద్దరైనా ఉండాలి. ఆరు నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కనే నడవాలి.

మొదటి షరతుకు టేపులు కొన్నారు. రెండోదానికి ఇద్దరు కుర్రవాళ్ళను శిక్షణకు పంపారు. మూడోదానికి మాత్రం, "నడుస్తున్నదానికీ కరెంటు, నడవబోయేదానికీ కరెంటా?" అని కొంత గొడవ జరిగింది. చివరికి ఒప్పుకున్నారు.

మూడో నెలలో తేడా బయటపడింది. పాతదాని జాబితా కంటే కొత్తదాని జాబితాలో ఆరు పేర్లు తక్కువ వచ్చాయి. నేను పాలమూరు నుంచి ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు పిలిపించి చూపించారు. కొత్త ప్రోగ్రాము తెలివైనది. పేరు, భర్త పేరు, ఊరు మూడూ కలిస్తే ఒకే మనిషిని రెండుసార్లు రాశారని గ్రహించి, రెండోదాన్ని కొట్టేస్తుంది. పాతదానికి అంత తెలివి లేదు, రాసింది రాసినట్టు ఉంచుతుంది. నేనూ, కుర్రవాళ్ళూ ఆ పేర్లు చూసి, కొట్టేసినవి దొంగ పేర్లే కావచ్చుననుకుంటుండగా, టీ తెచ్చిన మా అటెండరు కాగితంలోంచి చదివి వినిపించమన్నాడు. అందులో ఒక ఊరు అతని అత్తగారిది.

"ఇద్దరున్నరు సార్. ఒకామె గుట్ట దిక్కు ఉంటది, ఒకామె చెరువు కింద ఉంటది. ఇద్దరి పెనిమిట్ల పేర్లు కూడ ఒక్కటే. మా ఊర్లల్ల ఉన్న పేర్లే నాలుగు సార్!"

మనిషిని పంపించి విచారిస్తే ఆ ఆరు పేర్లలో అయిదు నిజంగానే వేరే మనుషులవి. పాత సర్వర్‌ను మొదటిరోజే ఆపి ఉంటే, అయిదుగురు ముసలమ్మలు కాగితం మీద లేకుండా పోయేవారు. అడగడానికి వస్తే, "కంప్యూటర్లో నీ పేరు లేదు" అనే సమాధానం వినేవారు. ఆ సమాధానానికి ఎదురు చెప్పే శక్తి ఈ దేశంలో ఎవరికుంది?

అప్పటి నుంచీ నాకు పాత కొత్తల మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. పాత సాఫ్ట్‌వేర్‌లో కొంత చెత్త ఉంటుంది. చెత్తలాగే కనబడే జ్ఞానమూ ఉంటుంది. ఏది ఏదో బయటివాడికి తెలియదు.

ఇక పాలమూరు సంగతి. అక్కడికి వెళ్ళాక నేను కాలక్షేపానికి ఎన్నుకున్న ప్రదేశం రైల్వే స్టేషను. తిరుపతి వెళ్ళడానికి వెంకటాద్రికి టికెట్లు తీసుకోవాలని వెళ్ళి, రిజర్వేషన్ కౌంటరులోని క్లర్కు వేళ్ళు చూస్తూ నిలబడిపోయాను. మౌసు ముట్టుకోవడం లేదు. నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఫారం చూడటం, టకటకా కొట్టడం, టికెట్టు బయటపడటం. వరసలో ముందుకు తోసుకొస్తున్నవాడు "ఉన్నయా లేవా" అని అడిగే లోపలే జవాబు తయారు.

ఆ తెర వెనక ఉన్న కథ మన సికింద్రాబాదుదే. రైల్వేవారి కంప్యూటర్ రిజర్వేషను 1980ల నడుమ ఢిల్లీలో మొదలైంది. ఒక చోటి నుంచి దేశంలో ఏ రైలుకైనా టికెట్టు ఇవ్వగలిగే కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదట అమలైంది మాత్రం 1994లో సికింద్రాబాదులో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ దానితో ఒక్కటయ్యాయి. అది నడిచింది వీఎంఎస్ అనే వ్యవస్థ మీద. అమెరికాలోని డిజిటల్ కంపెనీ 1977లో ప్రకటించిన వ్యవస్థ అది. వయసులో మా మేనల్లుడికి తండ్రి వరస.

దాని గొప్పతనం ఒక్క మాటలో చెబుతాను. ఒకే బెర్తు కోసం పాలమూరు కౌంటరులో ఒకరు, నల్లగొండలో ఒకరు, బొంబాయిలో ఒకరు ఒకే క్షణంలో చెయ్యి చాపుతారు. ఆ క్షణంలోనే ఎక్కడో తీగ తెగుతుంది. అయినా ఆ బెర్తు ఇద్దరికి అమ్ముడుపోకూడదు. డబ్బు కట్టి టికెట్టు రాకపోవడం ఉండకూడదు. పనైతే మొత్తం కావాలి, లేకపోతే అసలు మొదలే కానట్టు ఉండాలి. ఒక మిషను పడిపోతే పక్క మిషను ఆ బరువు అందుకోవాలి. వీఎంఎస్ ఈ విద్యల్లో పండిపోయింది. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటు వచ్చింది. ఆ తర్వాత ఫోనులో యాప్ వచ్చింది. అవన్నీ కొత్త ముఖాలు. ముఖం కొత్తదైనా, బెర్తు ఉందో లేదో చెప్పే నోరు లోపల ఆ పాతదే. అర్ధరాత్రి వేళ కాసేపు టికెట్లివ్వకుండా కొట్టు కట్టేసి లెక్క చూసుకునే అలవాటు కూడా ఏళ్ళ తరబడి సాగింది. కిరాణా సేట్లు రోజూ చేసే పనే కదా.

ఇక్కడ ఒక తమాషా చెప్పాలి. వీఎంఎస్ తయారుచేసినవారిలో ముఖ్యుడు డేవ్ కట్లర్ అనే ఆయన. 1988లో ఆయన మైక్రోసాఫ్ట్‌లో చేరి, 1993లో విండోస్ ఎన్‌టీ రూపొందించాడు. ఈనాటి విండోస్ సర్వర్లన్నీ దాని సంతానమే. మా మేనల్లుడు పొద్దస్తమానం పూజించే లైనక్స్ 1991లో పుట్టింది గాని, దాని నడవడిక అంతా 1969 నాటి యూనిక్స్‌ది. అంటే కొత్త ఇంటి తలుపు తెరిస్తే లోపల పడక్కుర్చీలో తాతగారే కూర్చుని ఉన్నారన్నమాట.

మరైతే పాతదాన్నే కలకాలం ఉంచుకోవచ్చా? వీల్లేదు. అందుకు కారణాలు కూడా ఈ రైల్వే కథలోనే ఉన్నాయి. డిజిటల్ కంపెనీని 1998లో కాంపాక్ కొన్నది, కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ కొన్నది. 2014 నుంచి వీఎంఎస్‌ను వీఎస్‌ఐ అనే ఒక చిన్న సంస్థ చూసుకుంటోంది. ఈలోగా రైల్వేవారి సర్వర్లలో ఉన్న ఐటానియం చిప్పులను ఇంటెల్ కంపెనీ 2021లో పంపడం మానేసింది. ఎద్దులు బాగానే ఉన్నాయి, బండి ఇరుసు చేసే వడ్రంగే కొట్టు మూశాడు. జనం కూడా ఊరుకోలేదు. 2025లో రైల్వే శాఖ చెప్పిన లెక్క ప్రకారం పాత వ్యవస్థ నిమిషానికి 32 వేల టికెట్లు ఇవ్వగలదు. దాని బదులు నిమిషానికి లక్షన్నర ఇవ్వగలిగేదాన్ని తెస్తామని ఆ ఏడాది ప్రకటించారు. ముప్ఫయ్యేళ్ళు బండి లాగినదానికి విశ్రాంతి ఇవ్వడం న్యాయమే.

మా నెట్‌వేర్ కథ ఇంకా త్వరగా ముగిసింది. చివరి రకమైన 6.5కు 2010 మార్చిలో మామూలు సహాయం ఆగిపోయింది. కంపెనీ కూడా 2011లో ఒకరికి, 2014లో ఇంకొకరికి, 2023లో మరొకరికి చేతులు మారింది. సహాయం ఆగిపోవడమంటే ఏమిటో 2017 మే నెలలో లోకమంతా చూసింది. వాన్నాక్రై అనే వైరస్ వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, గుంటూరు వగైరా జిల్లాల పోలీసు కంప్యూటర్లను కూడా పట్టుకుంది. ఆ రోగానికి మందు రెండు నెలల ముందే, మార్చిలోనే, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. మందు వేసుకోని మిషన్లకు, మందు తయారీ ఆగిపోయిన ముసలి మిషన్లకు దెబ్బ తగిలింది. మా నెట్‌వేర్ తన సొంత భాషలో, ఐపీఎక్స్ అనే దానిలో, మాట్లాడేది గనుక బయటి దొంగలకు ఆ గల్లీ తెలియదు. అదొక రక్షణే. కాని ఊరికి రోడ్డు లేదు గనుక దొంగలు రారని మురిసిపోతే, డాక్టరు కూడా రాడు.

కనుక మార్చాల్సిందే. మార్చేటప్పుడు ఏం పోతుందో చూసుకోవాలి. మన రెండు జిల్లాల్లో ఏ రైతు నడిగినా ఈ మాట నాకంటే బాగా చెబుతాడు. పాత పహాణీలో అనుభవదారు అని ఒక గడి ఉండేది. పట్టా ఎవరి పేరున ఉన్నా, ఆ మడిలో దున్నుతున్నదెవరో అందులో రాసేవాళ్ళు. 2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. మండల ఆఫీసులోనే రిజిస్ట్రేషను, వెనువెంటనే పేరు మార్పిడి. ఈ మేలు తక్కువది కాదు. కాని తెర మీద ఆ గడి లేకుండా పోయింది. దున్నేవాడు దున్నుతూనే ఉన్నాడు, రికార్డులో మాత్రం కనబడటం మానేశాడు. 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చి, మొదట ప్రయోగంగా చేపట్టిన నాలుగు మండలాల్లో మన పాత పాలమూరు జిల్లాలోని మద్దూరు ఒకటైనప్పుడు, ఊళ్ళల్లో జనం అడిగిన ప్రశ్నల్లో ఆ గడి మాట కూడా ఉంది. సర్వర్ ఎంత వేగంగా నడుస్తుందని ఎవరూ అడగలేదు.

మా మేనల్లుడికి చివరికి నేను చెప్పింది ఇది. నీ పాత సర్వర్‌లో మేలు లేకుంటే ఇరవై ఏళ్ళు నడిచేది కాదు, కనుక అది చేసే పనులన్నీ ఒక కాగితం మీద రాయి. యజమానులు రాయమన్నవి కాదు, అది నిజంగా చేసేవి. కౌంటరు దగ్గర కూర్చునేవాళ్ళను అడుగు, టీ తెచ్చేవాణ్ణి కూడా అడుగు. అందులో ఏవి కొత్తదానికి రావో గీత గియ్యి. ఆ గీత గీసినవాటి వెనక మనుషులెవరైనా ఉన్నారేమో చూడు. తర్వాత ఆ పాతదాన్ని బాగుచేయగలవాళ్ళు మీ ఆఫీసులో ఎందరున్నారో లెక్కపెట్టు. ఇద్దరికి తగ్గితే మార్చమని రాయి, ఎంత మంచిదైనా సరే. మార్చేటప్పుడు మాత్రం రెండూ కొంతకాలం పక్కపక్కన నడవనీ.

"గట్ల నడిపితె ఖర్చు రెండింతలైతది గద మామా, మేనేజరు ఒప్పుకోడు," అన్నాడు వాడు.

"ఒప్పుకోకపోతె ఆయన్ని ఒక మాట అడుగు బిడ్డా," అన్నాను. "కొత్త సర్వర్ పెట్టిననాడు, బిగించడానికి వచ్చిన ఇంజనీరును మా అటెండరు అడిగిన మాటే. ఆయన వేగం గురించి, బొమ్మల గురించి అరగంట చెప్పినాక, ఈయన చేతులు కట్టుకుని అడిగిండు. సార్, ఇండ్ల తుడిస్తె మల్ల వస్తదా?"